గాలితో తిరిగిన ఇంజిన్ ఆవిరికి ఎందుకు మొరాయిస్తుంది?

కంప్రెసర్ గొట్టం తగిలించగానే బుర్రుమని తిరుగుతుంది. వేలు అడ్డం పెడితే ఆగుతుంది, తీసేస్తే మళ్ళీ అందుకుంటుంది. నెలల తరబడి లేత్ ముందు నిలబడి చేసుకున్న చిన్న మోడల్ ఆవిరి ఇంజిన్ అలా తిరుగుతుంటే చూస్తూ ఉండిపోతాం. మర్నాడు బాయిలర్‌కి కలిపి, మంట పెట్టి, గేజీ మీద 2 బార్ల (వాతావరణ ఒత్తిడికి దాదాపు రెట్టింపు) ఒత్తిడి రాగానే వాల్వ్ తిప్పుతాం. ఫ్లైవీల్ (ఇంజిన్ తిప్పే బరువైన చక్రం) అర చుట్టు తిరిగి ఆగిపోతుంది. ఎగ్జాస్ట్ గొట్టంలోంచి వేడినీళ్ళు చిమ్ముతాయి. చేత్తో తోస్తే ఇంకో చుట్టు తిరుగుతుంది, మళ్ళీ ఆగుతుంది.

నా మొదటి ఇంజిన్‌తో సరిగ్గా ఇదే జరిగింది. తప్పు కొలతల్లో ఉందనుకుని పిస్టన్‌ని రెండుసార్లు కొత్తగా చేశాను. ఎన్నిసార్లు చేసినా అదే వరస, ఎందుకంటే కొలతలు బాగానే ఉన్నాయి. ఆవిరి అంటే వేడిగా ఉన్న గాలి అనుకోవడంలోనే పొరపాటంతా ఉంది. గాలి చల్లబడితే కాస్త కుంచించుకుంటుంది, అంతే. ఆవిరి చల్లటి గోడకి తగిలితే ఆవిరిగానే మిగలదు. మామూలు వాతావరణ ఒత్తిడిలో 1 గ్రాము నీరు ఆవిరైతే 1.67 లీటర్ల చోటు తీసుకుంటుంది. గోడకి తగిలి మళ్ళీ నీరైతే ఆ చోటంతా ఒక్క చుక్కలోకి ముడుచుకుపోతుంది, దానితోపాటే పిస్టన్‌ని తోసే ఒత్తిడీ పోతుంది.

ఈ చిక్కుని మొదట అర్థం చేసుకున్నవాడు జేమ్స్ వాట్. అదీ ఒక చిన్న మోడల్ ముందు కూర్చునే. థామస్ న్యూకొమెన్ గనుల్లో నీళ్ళు తోడే ఇంజిన్‌ని 1712లో నిలబెట్టాడు. దాని నమూనా ఒకటి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పాఠాల కోసం ఉండేది. అక్కడ పరికరాలు బాగుచేసే పనిలో ఉన్న వాట్ చేతికి 1763-64 చలికాలంలో అది మరమ్మతుకి వచ్చింది. సిలిండర్ వ్యాసం 2 అంగుళాలు, స్ట్రోక్ (పిస్టన్ ఒక కొస నుంచి ఇంకో కొసకి కదిలే దూరం) 6 అంగుళాలు. బాయిలర్ చూడటానికి సరిపడా పెద్దదే. అయినా నాలుగైదు స్ట్రోక్‌లు వేసి ఆగిపోయేది. పెద్ద ఇంజిన్లు రోజంతా పనిచేస్తుంటే ఈ చిన్నదానికి ఏమొచ్చింది? సిలిండర్ చిన్నదయ్యే కొద్దీ లోపల పట్టే ఆవిరితో పోలిస్తే గోడ వైశాల్యం పెరుగుతుందని, ప్రతి స్ట్రోక్‌లోనూ చల్లబడి మళ్ళీ వేడెక్కే ఆ గోడే ఆవిరిని మింగేస్తోందని వాట్ గ్రహించాడు. ఆవిరిని సిలిండర్ బయట వేరే పాత్రలో నీరుగా మార్చే విడి కండెన్సర్ ఆలోచన 1765లో అక్కడి నుంచే పుట్టింది. దాని పేటెంటు 1769 నాటిది. ప్రపంచాన్ని మార్చిన ఇంజిన్‌కి దారి చూపింది బల్ల మీద మొరాయించిన ఒక చిన్న మోడల్. అందుకే మోడల్ ఇంజిన్లని ఆటవస్తువులు అంటే నాకు మనసొప్పదు.

లెక్క తేలికే. 32 మి.మీ. వ్యాసమున్న సిలిండర్‌ని అన్ని వైపులా సగానికి కుదిస్తే లోపలి ఘనపరిమాణం ఎనిమిదో వంతుకి పడిపోతుంది, గోడ వైశాల్యం మాత్రం నాలుగో వంతు దగ్గరే ఆగుతుంది. అంటే లోపలికొచ్చే ఆవిరికి తగిలే గోడ రెట్టింపు అవుతుంది. 320 మి.మీ. సిలిండర్‌తో పోలిస్తే 16 మి.మీ. సిలిండర్‌లో అదే కొలత ఆవిరికి తగిలే గోడ 20 రెట్లు. డ్రాయింగ్‌ని ఎంత కావాలంటే అంత కుదించుకోవచ్చు, వేడిని అలా కుదించలేం.

ఇప్పుడు మన ఇంజిన్ దగ్గరికి వద్దాం. 16 మి.మీ. బోర్ (సిలిండర్ లోపలి రంధ్రం), 16 మి.మీ. స్ట్రోక్. చిన్న లేత్ మీద హాయిగా చేసుకోగల సైజు. లోపల పట్టేది 3.2 ఘన సెంటీమీటర్లు. ఇత్తడి సిలిండర్ బరువు 100 గ్రాములనుకుందాం. దాన్ని 25 డిగ్రీల నుంచి 125 డిగ్రీలకి వేడెక్కించడానికి దాదాపు 3.8 కిలోజౌళ్ళు కావాలి. ఆ వేడి ఇచ్చేది ఆవిరే, ఇస్తూ ఇస్తూ తాను నీరవుతుంది. 2 బార్ల దగ్గర ఒక్కో గ్రాము ఆవిరీ నీరవుతూ సుమారు 2.16 కిలోజౌళ్ళు వదులుతుంది. అంటే సిలిండర్ వేడెక్కేలోపు దాదాపు 1.7 గ్రాముల నీరు తయారవుతుంది. 3.2 ఘన సెంటీమీటర్ల చోటులోకి 1.7 ఘన సెంటీమీటర్ల నీళ్ళు! అవన్నీ అగ్గిపుల్ల పట్టేంత రంధ్రంలోంచి బయటికి పోవాలి. నీరు గాలిలా నలగదు. దాని మీదికి పిస్టన్ వస్తే రాయి అడ్డం పడ్డట్టే ఆగుతుంది. నా ఇంజిన్ అర చుట్టుకే ఎందుకు ఆగిందో ఈ లెక్క వేసుకున్నాకే తెలిసింది.

రెండో కారణం లోహాల్లో ఉంది. పోత ఇనుము సిలిండర్‌లో ఇత్తడి పిస్టన్ వేసి, గాలి కారకూడదని సందు 0.01 మి.మీ. మాత్రమే ఉంచారనుకోండి. వేడెక్కితే ఇత్తడి ఇనుము కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. 16 మి.మీ. వ్యాసం మీద 120 డిగ్రీల తేడాకి ఆ అదనపు పెరుగుదల దాదాపు 0.015 మి.మీ. సందు మొత్తం పోయి, పిస్టన్ బిగుసుకుపోతుంది. కంప్రెసర్ గాలితో ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు. అందుకే సిలిండర్‌నీ పిస్టన్‌నీ ఒకే రకం లోహంతో చేయడం మంచిది. లేదంటే సందు కాస్త ధారాళంగా వదిలి, పిస్టన్ చుట్టూ గాడి తీసి గ్రాఫైట్ పట్టించిన నూలు చుట్టాలి. పాత ఇంజిన్లలో ఇందుకు ఆస్బెస్టాస్ తాడు వాడేవారు. అలాంటి పాత ఇంజిన్ చేతికొస్తే ఆ తాడుని పొడిగా గోకి తీయకండి, దాని ధూళి ఊపిరితిత్తులకి ప్రమాదం. నూలు కూడా మరీ బిగించి కూరకూడదు. ఫ్లైవీల్‌ని వేలితో తోసి వదిలితే రెండు మూడు చుట్లు తనంత తాను తిరగాలి. అది తిరగకపోతే ఆవిరి పెట్టడం దండగ.

మొదటి ఇంజిన్‌గా ఏది చేయాలి అని అడిగితే నేను తడుముకోకుండా చెప్పేది ఊగే సిలిండర్ ఇంజిన్. దీనికి విడిగా వాల్వ్ అక్కర్లేదు. సిలిండర్ మధ్యలో ఒక పివట్ (అది ఊగడానికి ఆధారమైన ఇరుసు) ఉంటుంది, పిస్టన్ రాడ్ నేరుగా క్రాంక్ పిన్‌కి, అంటే ఫ్లైవీల్ ఇరుసుని తిప్పే చెయ్యి కొసనున్న పిన్‌కి, తగులుతుంది. క్రాంక్ తిరుగుతుంటే సిలిండర్ గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగుతుంది. దాని పక్కనున్న రంధ్రం ఒక వైపుకి ఊగినప్పుడు ఫ్రేమ్‌లోని ఆవిరి రంధ్రంతో, రెండో వైపుకి ఊగినప్పుడు ఎగ్జాస్ట్ రంధ్రంతో కలుస్తుంది. ఇది పిల్లల బొమ్మల్లో మాత్రమే వాడే పద్ధతి అనుకునేవాళ్ళున్నారు. 1858లో నీళ్ళలోకి దిగిన గ్రేట్ ఈస్టర్న్ ఓడ పక్క చక్రాలను తిప్పినవి ఊగే సిలిండర్లే, ఒక్కొక్కటి 74 అంగుళాల వ్యాసంతో.

ఈ ఇంజిన్ ప్రాణమంతా ఆ మూడు రంధ్రాల చోటులోనే ఉంది, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం. స్ట్రోక్ 16 మి.మీ. అంటే క్రాంక్ పిన్ కేంద్రం నుంచి 8 మి.మీ. దూరంలో తిరుగుతుంది. క్రాంక్ కేంద్రానికీ సిలిండర్ పివట్‌కీ మధ్య 40 మి.మీ. దూరం పెట్టుకున్నాం అనుకోండి. 8ని 40తో భాగిస్తే 0.2. సిలిండర్ ఊగే గరిష్ఠ కోణానికి సైన్ విలువ అదే, అంటే కోణం 11.5 డిగ్రీలు. సిలిండర్ మీది రంధ్రం పివట్‌కి 15 మి.మీ. దూరంలో ఉంటే అది మధ్య గీత నుంచి ఇటు 3 మి.మీ., అటు 3 మి.మీ. జరుగుతుంది. కాబట్టి ఫ్రేమ్ మీది రెండు రంధ్రాలూ మధ్య గీతకి చెరో పక్క 3 మి.మీ. దూరంలో ఉండాలి. మరి రంధ్రం ఎంత పెద్దది పెట్టొచ్చు? పిస్టన్ చివర ఉన్నప్పుడు సిలిండర్ రంధ్రం సరిగ్గా మధ్య గీత మీద ఉంటుంది. అప్పుడది రెండిట్లో దేన్నీ తాకకూడదు. తాకిందంటే ఆవిరి సిలిండర్‌ని పలకరించి నేరుగా ఎగ్జాస్ట్‌లోకి పారిపోతుంది. కేంద్రం నుంచి కేంద్రానికి 3 మి.మీ. కాబట్టి రంధ్రం 3 మి.మీ. దాటకూడదు. 2.5 మి.మీ. పెడితే మధ్యలో అర మి.మీ. మూత మిగులుతుంది. కొత్తగా చేసేవాళ్ళకి ఆ అర మి.మీ. పెద్ద ధైర్యం.

ఈ చోట్లని స్కేలు పెట్టి గుర్తు పెడితే తప్పు రాక మానదు. మేలైన పద్ధతి ఒకటుంది. సిలిండర్ బదులు ఒక ఉక్కు పట్టీ తీసుకోండి. దానికి పివట్ రంధ్రం, 15 మి.మీ. దూరంలో 2.5 మి.మీ. రంధ్రం, రెండో కొసన క్రాంక్ పిన్ అటూ ఇటూ జారేంత పొడవాటి గాడి చేయండి. పట్టీని పివట్ దగ్గర ఫ్రేమ్‌కి బిగించి, గాడిలో క్రాంక్ పిన్ ఉంచి, క్రాంక్‌ని మెల్లగా తిప్పండి. పట్టీ ఒక పక్కకి ఎంత దూరం వెళ్ళగలదో అంతా వెళ్ళినచోట క్లాంప్ చేసి, పట్టీ రంధ్రంలోంచే ఫ్రేమ్‌కి డ్రిల్ వేయండి. రెండో పక్కా అంతే. తర్వాత అదే పట్టీని సిలిండర్ మీద మధ్య గీతకి నిలబెట్టి దాని రంధ్రం వేయండి. మీ కొలతలు పావు మి.మీ. అటూ ఇటూ అయినా మూడు రంధ్రాలూ ఒకదానితో ఒకటి సరిపోతాయి. కొలత కన్నా పొందిక ముఖ్యమైన పని ఇది.

ఖచ్చితత్వం నిజంగా కావలసిన చోట్లు ఈ ఇంజిన్‌లో మూడే. బోర్ నున్నగా, ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే వ్యాసంలో ఉండాలి. పివట్ రంధ్రం బోర్‌కి లంబంగా ఉండాలి. సిలిండర్ ముఖం, ఫ్రేమ్ ముఖం ఒకదానిమీద ఒకటి సందు లేకుండా కూర్చోవాలి. మిగతావన్నీ కంటికి నచ్చితే చాలు. బోర్ చేసేటప్పుడు ముందు డ్రిల్ చేసి, బోరింగ్ టూల్‌తో దాదాపు సైజుకి తెచ్చి, చివర్లో రీమర్ (రంధ్రాన్ని సరిగ్గా సైజుకి నున్నగా తీర్చే పనిముట్టు) దింపితే మంచి ముగింపు వస్తుంది. చక్‌లోంచి విప్పకుండా అదే పట్టులో ఒక కొస ఫేసింగ్ (చదును చేయడం) కూడా చేసేయాలి. అప్పుడే ఆ కొస బోర్‌కి నిలువుగా ఉంటుంది.

ముఖాలని మాత్రం చేత్తోనే తేల్చాలి. మందపాటి గాజు పలక మీద 600 నంబరు ఎమరీ కాగితం పరిచి, రెండు చుక్కల నూనె వేసి, సిలిండర్ ముఖాన్ని 8 అంకె ఆకారంలో రుద్దండి. మొదట ఎత్తుగా ఉన్నచోట్లు మాత్రమే మెరుస్తాయి. ముఖమంతా ఒకే బూడిదరంగు మెరుపులోకి వచ్చేదాకా వదలకూడదు. పివట్ చుట్టూ కాస్త లోతు తీసి ఉంచడం మంచి అలవాటు, లేకపోతే పివట్ దగ్గరి చిన్న ఎత్తు మీదే సిలిండర్ బొంగరంలా ఊగుతుంది. పివట్ వెనకాల స్ప్రింగ్ ఉంటుంది కదా, దాన్ని ఎంత బిగించాలన్నది అందరికీ వచ్చే సందేహం. వదులైతే ఆవిరి ముఖాల మధ్య నుంచి ఉఫ్ మంటూ పోతుంది, బిగువైతే ఘర్షణకే శక్తంతా పోతుంది. ఆవిరి కారడం ఆగినచోట నట్‌ని ఆపితే సరి. ఈ స్ప్రింగ్ వల్ల ఇంకో మేలుంది. సిలిండర్‌లో నీళ్ళు ఇరుక్కుంటే ఆ ఒత్తిడికి సిలిండర్ ముఖం ఒక్క క్షణం పైకి లేచి నీటిని వదిలేస్తుంది. స్లైడ్ వాల్వ్ ఇంజిన్‌లో ఇంత తేలికైన దారి ఉండదు కాబట్టి నీళ్ళు వదలడానికి సిలిండర్ కొసల్లో విడిగా డ్రెయిన్ కాక్‌లు పెడతారు.

స్లైడ్ వాల్వ్ గురించి క్లుప్తంగా. అది ఒక చిన్న పెట్టె మూతలాంటిది, ఎక్సెంట్రిక్ (కేంద్రం పక్కకి జరిపి ఇరుసుకి బిగించిన చక్రం) దాన్ని ముందుకీ వెనక్కీ లాగుతుంటుంది. వాల్వ్ అంచులు సరిగ్గా పోర్టుల (సిలిండర్‌లోకి ఆవిరి వెళ్ళే రంధ్రాల) అంచులంతే ఉంటే ఎక్సెంట్రిక్ క్రాంక్‌కి 90 డిగ్రీలు ముందుండాలి. అంచులు కాస్త పొడుగు పెంచితే, అంటే ల్యాప్ ఇస్తే, ఆవిరిని మధ్యలోనే ఆపి దాని వ్యాకోచంతో మిగతా స్ట్రోక్ నడిపించుకోవచ్చు. అందుకు ఎక్సెంట్రిక్‌ని ఇంకొంత ముందుకి తిప్పాలి. ఈ ఇంజిన్ చేయాలని ఉంటే ముందు ఒక ఊగే సిలిండర్‌ని ఆవిరి మీద నడిపి చూడండి. వాల్వ్ సర్దుబాటు తప్పా, వేడి పోవడం తప్పా అన్నది విడదీసి చూడగల చూపు అప్పుడు వస్తుంది.

ఇంత కష్టపడితే వచ్చే శక్తి ఎంత? మన సిలిండర్‌ని 2 బార్ల దగ్గర నిమిషానికి 600 చుట్లు తిప్పితే నిమిషానికి 1.9 లీటర్ల ఆవిరి కావాలి, అంటే దాదాపు 3.2 గ్రాముల నీరు. మామూలు నీటిని ఆ ఆవిరిగా మార్చడానికి 140 వాట్ల వేడి. పిస్టన్ మీద జరిగే పని మాత్రం 6.4 వాట్లు, అది కూడా ఘర్షణ తీసేయకముందు. 5 శాతమైనా లేదు. గోడల మీద నీరయ్యేది, బాయిలర్ చుట్టూ వృథా అయ్యేది కలుపుకుంటే బర్నర్ 500 వాట్లకి పైగా ఇవ్వాలి. చిన్న స్పిరిట్ దీపం పెట్టి ఇంజిన్ సరిగా లేదని తిట్టుకునేవాళ్ళు ముందు ఈ లెక్క వేసుకోవాలి. ఆవిరి గొట్టం వీలైనంత పొట్టిగా ఉంచి దానికి నూలుతాడు చుట్టడం, సిలిండర్‌కి సన్నని చెక్క బద్దల తొడుగు వేయడం అందం కోసం మాత్రమే అనుకోకండి. ఈ సైజులో ఆ తొడుగు చేసే మేలు కంటికి కనబడుతుంది.

ఇక బాయిలర్. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. ఇంజిన్‌లో తప్పు జరిగితే ఇంజిన్ ఆగుతుంది. బాయిలర్‌లో తప్పు జరిగితే మనుషులు కాలిపోతారు. 4 బార్ల దగ్గర లోపలి నీరు 152 డిగ్రీల వేడిలో ఉంటుంది. అకస్మాత్తుగా గోడ చీలితే అందులో పదో వంతు అప్పటికప్పుడు ఆవిరైపోతుంది. అర లీటరు నీళ్ళున్న బాయిలర్ నుంచి 75 లీటర్ల ఆవిరి ఒక్క క్షణంలో మొహం మీదికి వస్తుంది. కొలిచి చూస్తే గుండ్రటి గొట్టం గోడ మీద పడే భారం తక్కువే. 75 మి.మీ. వ్యాసం, 1.6 మి.మీ. మందమున్న రాగి గొట్టానికి అది పెద్ద లెక్కలోది కాదు. ప్రమాదం బల్లపరుపు కొసల్లో ఉంది. అదే బాయిలర్ కొస పలక మీద 4 బార్లు కలిగించే బలం దాదాపు 180 కిలోల బరువుతో సమానం. అందుకే ఒక కొస నుంచి ఇంకో కొసకి స్టే రాడ్లు వేసి రెంటినీ కట్టేస్తారు.

బాయిలర్‌కి రాగి, దాని బుష్‌లకి (గొట్టాలు, వాల్వులు బిగించే మరల ముక్కలకి) కంచు లేదా గన్ మెటల్ వాడాలి. ఇత్తడి వద్దు. వేడినీళ్ళలో ఇత్తడిలోని జింకు కాలక్రమంలో కరిగిపోయి, పైకి బాగానే కనిపిస్తూ లోపల స్పాంజిలా మిగులుతుంది. అతుకులకి సీసం-తగరం టంకం అసలే పనికిరాదు. అది 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. నీళ్ళు అయిపోయి అడుగు మాడితే అతుకు అక్కడికక్కడే విడిపోతుంది. వెండి టంకం కరగాలంటే 600 డిగ్రీలు దాటాలి. కాడ్మియం లేని రకమే కొనండి, కాడ్మియం పొగ విషం. ముక్కల మధ్య సందు 0.1 మి.మీ. లోపు ఉంచి, ఫ్లక్స్ (టంకం బాగా పారేలా చేసే లేపనం) పూసి, పనిముక్క మొత్తాన్ని మసక ఎరుపు వచ్చేదాకా వేడి చేయాలి. టంకం కడ్డీని మంటతో కరిగించే ప్రయత్నం చేయకండి. రాగి వేడికే అది కరగాలి. సరిగ్గా వేడెక్కినప్పుడు గట్టిగా నిలబడ్డ కడ్డీ కొస ఒక్కసారి మెరిసి, నీళ్ళలా అతుకు చుట్టూ పరుగు తీసి, అవతలి పక్కన సన్నని వెండి గీతగా కనబడుతుంది. ఆ గీత అతుకు పొడవునా తెగకుండా ఉంటేనే అతుకు పడ్డట్టు.

తయారైన బాయిలర్‌ని మొదట నీళ్ళతో పరీక్షించాలి. బుడగ కూడా మిగలకుండా నింపి, చేతి పంపుతో వాడబోయే ఒత్తిడికి రెట్టింపు ఎక్కించి నిలబెట్టాలి. 4 బార్లకైతే 8. నీరు నలగదు కాబట్టి అందులో శక్తి దాగదు, అతుకు విడిపోతే ఒక చుక్క కారి ముల్లు పడిపోతుంది. ఇదే పరీక్ష కంప్రెసర్ గాలితో చేస్తే అది బాంబు. తర్వాత సేఫ్టీ వాల్వ్. అది తెరుచుకుంటే చాలదు. ఇంజిన్ వాల్వ్ మూసి, మంట పూర్తిగా పెట్టినా ఒత్తిడి నిర్ణయించిన దానికన్నా 10 శాతం మించి పెరగకూడదు. అంత ఆవిరినీ వదలగలగాలి. వాడే ముందు ప్రతిసారీ నీటిమట్టం చూసే గాజు గొట్టం చూడండి. ఒత్తిడి గేజీకి ముందు గొట్టాన్ని ఒక చుట్టు చుట్టి పెడతారు. అందులో నీళ్ళు నిలిచి, వేడి ఆవిరి గేజీలోకి పోకుండా కాపాడతాయి. బాయిలర్ల మీద మీ దగ్గర నిబంధనలు ఏమున్నాయో పని మొదలుపెట్టక ముందే కనుక్కోండి.

ఇంజిన్‌కి నూనె అందించే పద్ధతి నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది. ఆవిరి గొట్టం పక్కన మూత బిగించిన ఒక చిన్న గిన్నె, మధ్యలో సూది మొనంత రంధ్రం. గిన్నె నిండా చిక్కటి ఆవిరి నూనె. రంధ్రంలోంచి కొద్దిగా ఆవిరి లోపలికొచ్చి చల్లబడి నీటి చుక్క అవుతుంది. నూనె కన్నా నీరు బరువు కాబట్టి ఆ చుక్క అడుక్కి దిగుతుంది. దిగినంత నూనె పైకి లేచి ఆవిరిలో కలిసి సిలిండర్‌కి చేరుతుంది. ఇంజిన్‌ని ఆపిన ఆ కండెన్సేషనే ఇక్కడ పంపులాగా పనిచేస్తోంది. ఇందులో మోటారు నూనె వద్దు, వేడినీళ్ళు దాన్ని కడిగేస్తాయి. తడి లోహానికి అంటుకునేలా తయారుచేసిన ఆవిరి నూనె విడిగా దొరుకుతుంది.

ఇన్నీ సరిచూసుకున్నాక మళ్ళీ ఆ వాల్వ్ దగ్గరికి. బాయిలర్‌లో నీళ్ళు మూడొంతుల్లో రెండొంతులే ఉంచండి. అంచుదాకా నింపితే మరిగే నీళ్ళే ఆవిరితో పాటు సిలిండర్‌లోకి వస్తాయి. ఒత్తిడి 2 బార్లకి రాగానే వాల్వ్‌ని ఒక్క వెంట్రుకంత తిప్పండి. ఫ్లైవీల్‌ని చేత్తో ముందుకీ వెనక్కీ ఊపుతూ ఉండండి. ఎగ్జాస్ట్ గొట్టం కింద గుడ్డ పెట్టండి, నీళ్ళు చిమ్ముతాయి. ఆ 1.7 గ్రాములూ బయటికి రావాలి కదా. సిలిండర్‌ని వేలితో ముట్టుకోలేనంత వేడెక్కేసరికి చిమ్మడం తగ్గి తుంపర అవుతుంది, తుంపర తెల్లటి పొగమంచు అవుతుంది, గొట్టం మూతి దగ్గర ఏమీ కనబడని ఒక చిన్న ఖాళీ ఏర్పడుతుంది. అసలైన ఆవిరి కంటికి కనబడదు, ఆ ఖాళీయే ఆవిరి. అది కనబడగానే ఫ్లైవీల్‌ని తిరగాల్సిన వైపుకి ఒక్కసారి తోసి చెయ్యి తీసేయండి.